ఎడమచేతి పాళీ

సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు తాతయ్య కాగితం మీద ఒక గీత గీశాడు. గీత మధ్యలో తెగింది. మళ్ళీ గీశాడు. ఈసారి కాగితం చిరిగింది.

"కాగితం మంచిది కాదు," అన్నాడు తాతయ్య.

కాగితం మంచిదే. ఎదురుగా కూర్చొని టిఫిను తింటున్న మనవరాలికి ఆ సంగతి తెలుసు. ఆమె చూపు తాతయ్య ఎడమచేతిలోని నల్లపెన్ను మీదికి వెళ్ళింది. పాళీ మీద చిన్న నక్షత్రం గుర్తు ఉంది.

ముద్ద పళ్ళెంలో పెట్టేసింది. ఆ నక్షత్రం అక్కడ ఉండకూడదు.

ఆ అమ్మాయికి పదహారేళ్ళు. ఇంట్లో అందరూ సిరాబుడ్డి అంటారు. ఆ పేరు పెట్టింది తాతయ్యే. ఉతికిన బట్టలు కట్టుకొని బయల్దేరినా సరే, సాయంత్రానికి ఎక్కడో ఒకచోట నీలం మరకతో తిరిగొచ్చేది మరి. పాత ఇంకు పెన్ను కంటబడితే చాలు, విప్పాలి, కడగాలి, బిగించాలి. పదమూడో ఏట పట్టిన పిచ్చి అది. ముందు మేజా సొరుగు నిండింది. తర్వాత బీరువాలో ఒక అర నిండింది. చీరల మధ్య పెన్ను మూత దొరికిన రోజున అమ్మ, "వీటిని బయటికి పంపుతావా, నిన్ను పంపమంటావా?" అని అడిగింది. వ్యాపారం అలా మొదలైంది.

ఎనిమిది నెలలైంది. పాత సామాన్లు కొనే కాటా బాబాయ్, ఆఫీసులు ఖాళీ చేసిన చోటల్లా దొరికిన పెన్నుల్ని వేరే సంచిలో వేసి ఆమెకు తూకానికి ఇస్తాడు. వారమంతా బాగుచేసి, ఆదివారం బస్టాండు పక్క సంతలో బల్ల వేసి అమ్ముతుంది.

ఆమె పనికి రెండు పద్ధతులు ఉన్నాయి. వచ్చిన పెన్నులన్నీ ఏ ముక్కకు ఆ ముక్క విప్పేస్తుంది. గొట్టాలు ఒక గిన్నెలో, మూతలు ఒక గిన్నెలో, పాళీలు ఒక గిన్నెలో, పాళీ కింద ఉండే నాలుకలు ఇంకో గిన్నెలో. రెండు రోజులు నానాక మంచివి ఏరి, నాలుగు చెడ్డ పెన్నుల్లోంచి ఒక మంచి పెన్ను తయారుచేస్తుంది. ఎవరి మూత ఎవరికి పోయిందో, ఎవరి పాళీ ఎవరికి వచ్చిందో ఆమె పట్టించుకోదు. "కాళ్ళూ చేతులూ పోగేసి మనిషిని లేపుతుంది మా సిరాబుడ్డి," అని తాతయ్య ఎగతాళి.

రెండో పద్ధతి కార్డు. పెన్ను కొనే ముందు ఎవరైనా ఒక చిన్న అట్టముక్క మీద ఏదో ఒకటి రాసి చూడాలి. ఆ కార్డు మీద పెన్ను నంబరు వేసి తన దగ్గర ఉంచుకుంటుంది. ఎవరెవరివో చేతిరాతలు, ఒక బిస్కెట్ల డబ్బా నిండా. చాలామంది తమ పేరు రాస్తారు. ఒకాయన 'నాకు ఈ పెన్ను అవసరం లేదు' అని రాసి రెండు కొనుక్కుపోయాడు.

తాతయ్య ఆ కార్డు ఎప్పుడూ రాయలేదు. నలభై ఏళ్ళు ఆఫీసుల ముందు మడతబల్ల వేసుకొని జనానికి అర్జీలు రాసినవాడు. ఆ నలభై ఏళ్ళూ ఒకే పెన్ను, అదీ ఎడమచేత్తో. ఆ పెన్నును ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు. ఇంకొకరి చేతిలో పడితే పాళీ మాట వినదని ఆయన నమ్మకం. సిరాబుడ్డికి కూడా ఆయన చొక్కాజేబు అంచున మెరిసే క్లిప్పు తప్ప ఆ పెన్ను రూపురేఖలు తెలియవు.

ఈమధ్య ఆయన చెయ్యి వణుకుతోంది. టీకప్పు పట్టుకున్నా, తాళం తీసినా వణుకుతుంది. ఆ పెన్ను పట్టుకుంటే మాత్రం నిలబడుతుంది. అందుకే ఏటా ఒక పని ఇంకా ఆయనకే వస్తోంది. నర్సుల ట్రైనింగ్ స్కూల్లో చదువు పూర్తయిన పిల్లల సర్టిఫికెట్ల మీద పేర్లు రాయడం. ఈ ఏడు అరవై నాలుగు. కట్ట ఆ పొద్దునే వచ్చింది, దానితో ఒక చీటీ కూడా.

చీటీ మర్యాదగానే ఉంది. శుక్రవారం మధ్యాహ్నానికి కావాలని రాశారు. 'మీకు ఇబ్బంది అయితే బుధవారం మనిషి వచ్చినప్పుడు కట్ట తిరిగి పంపండి, ఈ ఏడు నుంచే ప్రింట్ చేయిస్తాం' అని కూడా రాశారు.

తాతయ్య ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి కళ్ళజోడు పెట్టెలో దాచాడు. దాచడం సిరాబుడ్డి చూసింది.

*

ఆయన స్నానానికి వెళ్ళగానే ఆమె నల్లపెన్ను మూత తీసింది. అనుమానం లేదు. నక్షత్రం పాళీలు కాటా బాబాయ్ సంచిలో వచ్చినవి. శనివారం వాటిని తన చేత్తోనే నల్లగొట్టాలకు బిగించింది. అంటే తాతయ్య పెన్ను ఎలాగో తన గిన్నెల్లో పడింది. ఆ సంచిలో అలాంటి నల్లగొట్టాలు డజను ఉన్నాయి, దాన్నీ వాటిలో కలిపి విప్పేసింది. గొట్టం మళ్ళీ తాతయ్య జేబుకు చేరింది. పాళీ చేరలేదు.

ఎక్కడికి పోయిందో కూడా గుర్తొచ్చింది. శనివారం ఒక పాళీ వింతగా కనిపించింది. మొన ఒక పక్కకు ఏటవాలుగా అరిగిపోయి ఉంది. ఆమె కుడిచేత్తో రాసి చూస్తే గీరుకుంది. చెడిపోయింది అనుకొని ఒక నీలం పెన్నుకు తగిలించి, తగ్గింపు ధర ట్రేలో పడేసింది.

నలభై ఏళ్ళ చేతిరాత. తగ్గింపు ధర.

బిస్కెట్ల డబ్బా బోర్లించింది. నీలం పెన్ను ముప్పై ఒకటో నంబరు. ఆదివారం మధ్యాహ్నం అమ్ముడైంది. ఆ గంటలో బల్ల దగ్గర ఉన్నది అమ్మ. సిరాబుడ్డి మందుల షాపుకు ఫోన్ చేసింది. అమ్మ అక్కడ కౌంటర్లో పని చేస్తుంది.

"నీలం పెన్నా? ఎవరో ఆవిడే. గొడుగు ఉంది."

"గొడుగు కాకుండా ఇంకేమైనా ఉందా?"

"తొందరలో ఉంది. ఏమే, ఇక్కడ నలుగురు నిలబడ్డారు, జ్వరం మాత్ర కావాలంటే చెప్పు, లేకపోతే పెట్టేయ్."

ఇక మిగిలింది కార్డే. దాని మీద ఒకే వాక్యం ఉంది.

'ఆరు గంటలు. నీటి మట్టం సరిగ్గా ఉంది.'

నీళ్ళ టాంకు దగ్గర పనిచేసే మనిషి అని తేలిగ్గానే తెలిసింది. కానీ ఊళ్ళో టాంకులు ఐదు. ఒక్కో చోట మూడు డ్యూటీలు. అన్నీ తిరిగేసరికి శుక్రవారం దాటిపోతుంది.

చేతిరాత చూసి మనిషిని చెప్పగల వాడు ఇంట్లోనే ఉన్నాడు. అడగాలి. నిజం మాత్రం చెప్పకూడదు. చెబితే ఆయన కట్ట తాడు బిగించి తిరిగి పంపేస్తాడు. ఆయన తీరు ఆమెకు తెలుసు.

*

"తాతయ్యా, ఈ కార్డు రాసిన మనిషిని పట్టుకోవాలి."

"ఏం చేశాడు పాపం?"

"ఆవిడ. ఆవిడేం చెయ్యలేదు, చేసింది నేను. పొరపాటున వేరే పెన్ను అమ్మేశాను."

తాతయ్య భూతద్దం తీసి కార్డు మీద పెట్టాడు. అర నిమిషం చూశాడు. నిమిషం చూశాడు. మొదటి అక్షరం నుంచి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికి వచ్చాడు.

"ఏంటి తాతయ్యా?"

"కళ్ళద్దాలు మసకేశాయి." చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకొని, అర్జీ రాయించుకోవడానికి వచ్చిన మనిషితో మాట్లాడినట్టు మొదలుపెట్టాడు.

"ఎడమచేతి మనిషి. ఇదిగో, తడి సిరా మీద చిటికెనవేలు నడిచింది. నాకు నలభై ఏళ్ళు నడిచింది, నాకు తెలియదా. రెండోది, ఇది ఆలోచించి రాసిన మాట కాదు. పెన్ను చేతికిస్తే చెయ్యి దానంతట అదే రాసేసింది. అంటే రోజూ రాసే మాట."

"అది నాకూ తెలుసు. ఏ టాంకు?"

"కంగారు పడకు. కొత్త టాంకులన్నిటికీ మీటర్లు పెట్టారు. మీటరున్న చోట అంకె వేస్తారు. 'సరిగ్గా ఉంది' అని మాటల్లో ఎవరు రాస్తారు? గాజుగొట్టంలో నీళ్ళు గీత దాకా వచ్చాయా లేదా అని కంటితో చూసేవాళ్ళు. అలాంటిది ఊళ్ళో ఒక్కటే మిగిలింది. రైలుగేటు అవతల పాత పంపుహౌస్. వాళ్ళ జీతాల అర్జీలు నేనే రాసేవాణ్ణి."

సిరాబుడ్డి అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

"ఆగు. రాసింది ఆరు గంటలని. పొద్దునో సాయంత్రమో తెలియదు. ఆదివారం మధ్యాహ్నం సంతలో తొందరగా ఉందంటే సాయంత్రం డ్యూటీ. ఇవాళ సోమవారం, ఆ డ్యూటీవాళ్ళకు వారపు సెలవు. రేపు సాయంత్రం వెళ్దాం."

"వెళ్దామా? నువ్వెందుకు?"

"ఆ పంపుహౌస్ చూసి చాలా కాలమైంది," అన్నాడు తాతయ్య గోడ వైపు చూస్తూ.

*

మంగళవారం సాయంత్రం ఐదున్నర. పంపుహౌస్ లోపల నూనె వాసన, చెవులు అదిరే మోత. గోడకు నిలువుగా ఒక గాజుగొట్టం, అందులో తేలుతున్న ఎర్రబిళ్ళ. కింద ఒక మేజా, దాని మీద తలుపంత రిజిస్టరు. మూలన గొడుగు.

గొడుగు ఆవిడకు నలభై ఏళ్ళుంటాయి. రబ్బరు చెప్పులు, చేతిలో నూనెగుడ్డ. వాళ్ళిద్దర్నీ చూసి గుడ్డ పక్కన పెట్టింది.

"పెన్నుల పాప కదూ నువ్వు? మొన్న మీ అమ్మ దగ్గర కొన్నాను." వెంటనే ముఖం మారిపోయింది. "వెనక్కి ఇమ్మని రాలేదు కదా? అడిగినంతా ఇచ్చాను. బేరం కూడా ఆడలేదు."

సిరాబుడ్డి నోరు తెరిచింది. తాతయ్య ముందే అందుకున్నాడు.

"లేదమ్మా. అమ్మిన పెన్ను ఎలా రాస్తోందో చూసిపోదామని. మా కంపెనీ పద్ధతి అంతే."

ఎనిమిది నెలలుగా కాళ్ళూ చేతులూ పోగేసే పని అని వెక్కిరించిన మనిషి, 'మా కంపెనీ' అన్నాడు.

ఆవిడ స్తిమితపడింది. "ఎలా రాస్తోందో చూస్తారా? అయితే ఇది చూడండి." రిజిస్టరు వెనక్కి తిప్పింది. పోయిన నెల పేజీలు. అలుక్కుపోయిన గీతలు, చిరిగిన చోట అంటించిన కాగితాలు. "చిన్నప్పుడు బళ్ళో ఈ చేతి మీద కొట్టని మేష్టారు లేడు. ఆ చెయ్యి మారలేదు, ఈ రాత మారలేదు. మా సూపర్‌వైజరు వచ్చినప్పుడల్లా, 'ఏమ్మా, ఈ పేజీ మీద కోళ్ళు తిరిగాయా?' అంటాడు. ఇప్పుడు ఇక్కణ్ణుంచి చూడండి."

ఆదివారం సాయంత్రం నుంచి పేజీ మారిపోయింది. అక్షరాలు గుండ్రంగా, పొడిగా, ఒకదాని పక్కన ఒకటి కూర్చున్నాయి.

"ఇవాళ మధ్యాహ్నం వచ్చాడు," అంది ఆవిడ. "చూశాడు. ఎవరిచేత రాయిస్తున్నావు అన్నాడు. నేనే అంటే నమ్మడే. ఎదురుగా రాసి చూపించాను. మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. పదకొండేళ్ళలో మొదటిసారి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు."

ఆరు అయింది. ఆవిడ గాజుగొట్టం దగ్గరికి వెళ్ళి, కన్ను ఆనించి చూసి, వచ్చి కూర్చొని నీలం పెన్ను తీసింది. ఎడమచేత్తో రాసింది. పాళీ గీరుకోలేదు, ఆగలేదు. తాతయ్య ఆ మొన వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆయన చెయ్యి కూడా గాల్లో కొద్దిగా కదిలింది, ఆ అక్షరాల వెంబడే.

సిరాబుడ్డి ఎదురుచూసింది. ఇప్పుడు అడుగుతాడు. మళ్ళీ ఇస్తాం, మూడు రోజులు మాకివ్వమ్మా అని అడుగుతాడు.

"సిరా మరీ నిండా పొయ్యకమ్మా," అన్నాడు తాతయ్య. "నెలకోసారి నీళ్ళలో కడుగు. ఎవరు అడిగినా ఇవ్వకు, సంతకానికి కూడా. ఇంకొకరి చేతిలో పడితే మాట వినదు."

"మీకెలా తెలుసండీ?"

"మా కంపెనీలో చెప్తారు," అన్నాడాయన.

*

రైలుగేటు వేసి ఉంది. గేటు పక్క సిమెంటు అరుగు మీద తాతయ్య కూర్చున్నాడు. సిరాబుడ్డి కూర్చోలేదు.

"తాతయ్యా, అది నీ పాళీ."

"ఊఁ."

"ఊఁ ఏంటి? నీకు ఎప్పుడు తెలిసింది?"

"కార్డు చూడగానే. నా గీత నాకు తెలియదా?"

"మరి నన్ను తిట్టలేదేం?"

"ఎలా తిట్టను? గురువారం నువ్వు స్కూలుకెళ్ళాక ఆ గిన్నెలో వేసింది నేనే."

గూడ్స్ బండి వచ్చింది.  ఆ మోత తగ్గాక ఆయనే చెప్పాడు. పది రోజులుగా సిరా సరిగ్గా దిగడం లేదట. సర్టిఫికెట్లు వచ్చేలోగా బాగుచేయించుకోవాలి. కానీ ఎనిమిది నెలలుగా ఆమె పనిని వెక్కిరించిన నోటితో, 'నాదీ కాస్త చూడవే' అనలేకపోయాడు. నల్లపెన్నులు డజను ఉన్నాయి కదా, వాటిలో ఇదీ ఒకటి శుభ్రమైపోతుంది, సంతకు ముందు శనివారం రాత్రి ఎవరూ చూడకుండా తీసేసుకుందాం అనుకున్నాడు.

"గొట్టం అడుగున నా గుర్తు ఒకటి గీసుకున్నాను, దొరికిపోతుందిలే అనుకున్నా. నువ్వు ముక్కలు కలిపేస్తావని తెలిసీ, నా దాన్ని కలపవనుకున్నాను. ఎందుకనుకున్నానో ఇప్పుడడిగితే చెప్పలేను."

సిరాబుడ్డికి నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. "పోనీ, ఇప్పుడైనా వెళ్ళి అడుగుదాం. ఆవిడ మంచావిడ. ఇస్తుంది."

"అడిగితే ఇస్తుంది. అందుకే అడగలేదు." గేటు లేచింది. ఆయన మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. "ఆవిడ రోజుకు మూడుసార్లు రాయాలి. నేను ఏడాదికోసారి రాయాలి. పద."

"అయితే కట్ట తిరిగి పంపేస్తావా?"

తాతయ్య పట్టాలు దాటాడు.  ఇరవై అడుగులు నడిచాక, ఆయన మాట మార్చడానికన్నట్టు అడిగాడు. "మొన్న లెక్కల మేష్టారి పెన్ను గీరుకుంటే ఒక్క పూటలో నున్నగా చేసిచ్చావు. ఎలా చేశావు?"

"సన్న ఉప్పుకాగితం తడిపి, దాని మీద పాళీతో సున్నాలు చుడతాను. మొన అరిగి నున్నబడుతుంది."

"ఎవరు చుడతారు?"

"నేనే. ఎవరు చుడితే మొన ఆ చేతి వాలుకే..."

ఆమె రోడ్డు మధ్యలో ఆగిపోయింది. వెనక సైకిలతను బెల్లు కొట్టి, తిట్టి, పక్కనుంచి వెళ్ళాడు.

నలభై ఏళ్ళలో మామూలు కాగితం మీద అరిగింది, ఉప్పుకాగితం మీద ఎన్ని గంటల్లో అరుగుతుంది? చుట్టాల్సింది తను కాదు. తాతయ్య. ఎడమచేత్తో.

*

బుధవారం సిరాబుడ్డి బడి మానేసింది. పది గంటలకు నర్సుల స్కూలు మనిషి వచ్చాడు. అప్పటికి మేజా మీద ఒక పాళీ చచ్చిపోయి ఉంది. నీళ్ళు చాలక మొన రెండుగా చీలింది. రెండోది తాతయ్య చేతిలో ఉంది.

"కట్ట తీసుకుపొమ్మన్నారండీ, మీకు ఇబ్బందయితే," అన్నాడతను.

తాతయ్య సిరాబుడ్డి వైపు చూశాడు. ఆమె కూడా ఆయన వైపే చూసింది. ఆయన చేతికి రాసే పెన్ను ఇంట్లో ఒక్కటీ లేదు.

"ఇబ్బందేముంది," అన్నాడు తాతయ్య. "శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకు రా బాబూ."

అతను వీధి మలుపు తిరిగాడో లేదో, రెండో పాళీ మొన వంగిపోయింది.

"నొక్కకు తాతయ్యా. అర్జీ కాదు అది."

"నలభై ఏళ్ళు నాకు ఎవరూ రాయడం నేర్పలేదే."

"ఇప్పుడు నేర్చుకో."

మంచి పాళీ ఇంకొక్కటే ఉంది. నల్లపెన్నులో ఉన్న నక్షత్రం పాళీ, సోమవారం కాగితం చింపినదే. సిరాబుడ్డి ఉప్పుకాగితాన్ని అద్దం ముక్క మీద పరిచి, నాలుగు చుక్కలు ఎక్కువే నీళ్ళు వేసింది. "సున్నాలు వద్దు. నువ్వు సున్నాలు రాయవు కదా. మామూలుగా రాసేదే రాయి."

తాతయ్య స్కూలువాళ్ళ జాబితా పక్కన పెట్టుకున్నాడు. మొదటి పేరు రాశాడు. ఉప్పుకాగితం మీద అక్షరాలు కనిపించవు, సన్నని తెల్లగీతలు మాత్రం పడతాయి, నీళ్ళు ఆరేసరికి అవీ పోతాయి. రెండో పేరు. మూడో పేరు. ప్రతి పది పేర్లకు ఆమె పాళీ తీసుకొని, తుడిచి, భూతద్దంలో చూసి తిరిగిచ్చింది. మధ్యాహ్నానికి అరవై నాలుగు పేర్లూ అయ్యాయి. మళ్ళీ మొదటి నుంచి పట్టాడు.

ఐదింటికి అమ్మ షాపు నుంచి వచ్చింది. తన తండ్రినీ, తన కూతుర్నీ చూసింది. ఒకరు కనిపించని అక్షరాలు రాస్తున్నారు, ఒకరు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"వంట ఎవరు చేశారు?" అని అడిగింది.

"ఇవాళ వంట ఉందా?" అన్నాడు తాతయ్య తలెత్తకుండా.

అమ్మ ఇంకేమీ అడక్కుండా లోపలికి వెళ్ళి గిన్నెలు మోగించింది.

మూడోసారి జాబితా సగంలో ఉండగా తాతయ్య చెయ్యి ఆగింది. "గీరుకోవడం లేదు," అన్నాడు నెమ్మదిగా. "చాలాసేపటి నుంచి గీరుకోవడం లేదు. చెబితే పోతుందేమోనని చెప్పలేదు."

సిరాబుడ్డి పాళీ కడిగి, నాలుక బిగించి, సిరా నింపింది. తాతయ్య మంచి కాగితం మీద ఒక గీత గీశాడు. గీత ఆ చివరిదాకా తెగకుండా వెళ్ళింది. చెయ్యి వణకలేదు.

"పాతదానంత కాదు," అన్నాడు.

"కాదా?"

"పాతది నా మాట వినేది. ఇది నన్ను ప్రశ్నలడుగుతోంది. నీ పోలికే." ఇంకో గీత గీశాడు. "సరిపోతుందిలే."

*

గురువారం ముప్పై ఆరు పేర్లయ్యాయి. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ మంచం మీద పడుకోలేదు. సిరా ఆరడానికి మంచాల మీద, బల్లల మీద సర్టిఫికెట్లు పరిచారు. "అడుగు తీసి అడుగు వేద్దామంటే ఇల్లంతా నర్సులే," అంది అమ్మ, చాప వెతుక్కుంటూ. శుక్రవారం పదకొండున్నరకు అరవై నాలుగోది పూర్తయింది.

స్కూలు మనిషి కట్ట విప్పి పైనున్న నాలుగు చూశాడు. ఐదోదాని దగ్గర ఆగి, "ఇది మా చెల్లెలండీ," అన్నాడు. ఆ పేరు మీద వేలు పెట్టబోయి, వేలు తుడుచుకొని, చివరికి పెట్టలేదు.

"వచ్చే ఏడు కూడా పంపిస్తారా?" అమ్మ గుమ్మంలోంచి అడిగింది.

"నాకు తెలియదండీ. నేను ఇది చూపిస్తాను," అని కట్టను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకొని వెళ్ళాడు.

తాతయ్య పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకోబోయాడు. సిరాబుడ్డి చెయ్యి అడ్డం పెట్టింది.

"మా దగ్గర పద్ధతి ఒకటుంది. కార్డు రాయకుండా పెన్ను కదలదు."

"నా పెన్నుకు నేనెందుకు రాస్తాను?"

"గొట్టమే నీది. పాళీ నాది. కాటా బాబాయ్ దగ్గర తూకానికి కొన్నాను."

తాతయ్య అమ్మ వైపు చూశాడు, న్యాయం చెప్పమన్నట్టు. అమ్మ, "నన్ను చూడకు నాన్నా. కంపెనీ పద్ధతులు నాకేం తెలుసు," అంది.

ఆయన కార్డు లాక్కొని, వంగి, ఎడమచేత్తో చాలా శ్రద్ధగా రాశాడు. సిరా ఆరేదాకా ఊది ఆమె చేతికిచ్చాడు.

'పన్నెండు గంటలు. మట్టం సరిగ్గా ఉంది.'

సిరాబుడ్డి దాన్ని రెండుసార్లు చదివింది. డబ్బా తెరిచి ముప్పై ఒకటో కార్డు పక్కన పెట్టి మూత వేసింది.

"ఆదివారం బల్ల దగ్గర నాకూ ఒక స్టూలు వెయ్యి," అన్నాడు తాతయ్య పెన్ను జేబుకు తగిలిస్తూ. "ఎడమచేతివాళ్ళు కూర్చొని, ఉప్పుకాగితం మీద రాసి, తమ పాళీ తామే చేసుకొని పోవచ్చని ఒక అట్ట మీద రాసిపెడతాను. ఊళ్ళో దెబ్బలు తిన్న చేతులు ఆవిడవీ నావీ మాత్రమేనా?"

"అట్ట నువ్వే రాస్తావా? ఎంత తీసుకుంటావు?"

"ముందు ఈ పాళీ ఎంతో చెప్పు."

"నీకు తగ్గింపు ధర," అంది సిరాబుడ్డి. "మొన కొంచెం ఏటవాలుగా అరిగింది కదా."